మేకు మీది రొట్టె

మా అత్త బీబీరజబ్ చిన్నప్పుడే పత్తిచేలో దిగిన మనిషి. మామ పోయాక పత్తి ఏరి, పత్తికట్టె మోసి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. ఆ కొడుకే నా భర్త సైమురోద్. రష్యాలో ఇళ్లు కట్టే పనికి బయలుదేరేటప్పుడు, మా మగవాళ్లందరిలాగే రొట్టె అంచు కొరికి వెళ్లాడు. మిగిలినదాన్ని అత్త దారంతో గోడ మేకుకు కట్టింది. తిరిగొచ్చి అతనే తినాలి. ఈలోగా దించితే ఆ మనిషి ఇక లేడని అర్థం. మొదటి చలికాలం దాకా ఫోన్లు వచ్చాయి. తర్వాత మాట లేదు. రొట్టె రాయిలా బిగుసుకుపోయింది.

బతికున్నవాడి కోసం ఏడవకూడదంటారు మావాళ్లు. అందుకే అత్త ఏడవలేదు. నేను పొయ్యి దగ్గర, పొగ మీద నెపం పెట్టి ఏడ్చేదాన్ని.

మొన్న వసంతంలో పట్నం నుంచి నిగోరా అనే ఫొటోల పిల్ల వచ్చింది. వలసకూలీలనీ, వాళ్ల ఇళ్లనీ తీస్తుందట.

“మీ ఊళ్లో మనుషుల్లేరా, ఖాళీ ఇళ్లు తియ్యడానికొచ్చావు?” అంది అత్త.

నిగోరా నవ్వి, రష్యాలో కూలీలు ఉండే షెడ్లలో తీసిన ఫొటోలు చూపించింది. అత్త ఒక్కో ముఖాన్నీ వేలితో తడిమింది. ఒకదాంట్లో ఎవరో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“వీడే! నేను రుద్దిన వీపు నాకు తెలీదూ?”

“ఆయన పేరు కూడా నాకు తెలీదు పెద్దమ్మా. ఆ షెడ్డు కూల్చేశారు.”

“కూలిస్తే ఇంకోచోట పడుకుంటాడు. నువ్వు మళ్లీ పోతావుగా?”

అత్త మేకు కిందికి పీట లాగింది. “అత్తా, దించొద్దు!” అన్నాను. వినలేదు. పీట ఎక్కి రొట్టె దించేసింది.

“ఇది వాడి చేతికివ్వు తల్లీ. తన పంటిగాట్లు వాడు పోల్చుకుంటాడు.”

బతిమాలుతున్న అత్తను నిగోరా ఫొటో తీసింది. రొట్టె మాత్రం తీసుకోలేదు. “మనిషి దొరక్కపోతే మీకేం చెప్పను?” అని కళ్లు తుడుచుకుంది. అత్త దాన్ని మళ్లీ మేకుకు కట్టింది.

ఆ ఫొటో ఫోన్లలో తిరిగి తిరిగి మా ఊరికే చేరింది. అత్త చేతిలో రొట్టె, వెనక ఖాళీ మేకు. ఒక ఉదయం ఆడవాళ్లు చావుకు వేసుకునే నీలం బట్టల్లో వాకిట్లోకి వచ్చారు. పక్కింటి గుల్‌బీ గుండెలు బాదుకుంది.

“మాకు చెప్పకుండా దించుకున్నావా, రాతిగుండెదానా! మేం పరాయివాళ్లమా?”

“అయ్యో, అది గోడకే ఉంది, చూడండి...” అంటూ అడ్డం వెళ్లాను. అత్త నా చెయ్యి పట్టి లాగింది.

“ఊరుకోవే. ఎటూ వచ్చారు. ఈ ఒక్క పూట ఏడవనీ నన్ను.”

అత్త గొంతెత్తి ఏడ్చిన ఆ అరుపుకు వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి.

వాళ్లు వెళ్లాక అత్త ముఖం కడుక్కుంది. పీట ఎక్కి, రొట్టె దారం ముడి ఇంకాస్త బిగించింది.