రెండు గంటల పాఠం

మెదడు ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లల కోసం గోదావరిఖనిలో బడి పెట్టాం. పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గు గని దగ్గర పాత క్వార్టరు దొరికింది. గాలి, వెలుతురు, నీళ్లు అన్నీ చూశాం. రోజూ మధ్యాహ్నం రెండింటికి గనిలో మందుపెట్టి రాళ్లు పేల్చే బ్లాస్టింగ్ ఉంటుందని మాత్రం, అక్కడే పుట్టి పెరిగిన మాకెవరికీ తట్టలేదు. ఏళ్ల తరబడి విని విని, మాకది వినబడడమే మానేసింది.

మొదటి రోజే గోడలు అదిరాయి. మాటలు రాని పన్నెండేళ్ల అమ్మాయి బల్ల కింద దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. ముందే ఇళ్లకు పంపేద్దామంటే, తీసుకుపోవాల్సిన తండ్రులు మొదటి షిఫ్టు దిగేది ఆ తర్వాతే. వేరే ఇల్లడిగితే, "గసొంటి పిల్లలకా?" అని తలుపేసుకున్నారు.

ఏడాది తిరిగినా ఆ అమ్మాయికి ఒక్క అక్షరం రాలేదు. ఒకరోజు వాళ్లమ్మ మిఠాయి పొట్లంతో వచ్చింది.

"సార్, నా బిడ్డకు గడియారం చూసుడొచ్చింది! ఆయితారం ఇంటికాడ సుత, రెండు కాకముందే ముల్లు దిక్కు చూసి చెవులు మూసుకుంటది. అంతా మీ పుణ్యమే."

ఆ మిఠాయి తిన్నాను.