బారియోనిక్స్ చేపను ఎలా పట్టింది?

పిల్లలూ, అది 1994 డిసెంబరు. భిలాయి సెక్టర్ 4లో ఒక స్కూల్లో నేను బయాలజీ చెప్పేదాన్ని. "నీ ఉద్యోగంలో మర్చిపోలేనిది ఏంటి అమ్మమ్మా?" అని మీరు ఫోన్లో అడిగారు కదా, ఇదే.

ఆ ఏడు సైన్సు ఎగ్జిబిషన్‌కి ఎనిమిదో క్లాసు సునీత చేపలు తినే డైనోసార్‌ను ఎంచుకుంది. దాని పేరు బారియోనిక్స్, అంటే బరువైన గోరు. ఇంగ్లండులో ఇటుకల మట్టి తవ్వేచోట దాని ఎముకలు దొరికాయి. మొసలికిలా పొడుగాటి మూతి, చేతికి అడుగు పొడవు గోరు, కడుపు ఉన్నచోట సగం అరిగిన చేప పొలుసులు. మా లైబ్రరీ పుస్తకంలో అది గట్టు మీద నుంచి గోరుతో చేపను గుచ్చి ఎత్తుతున్న బొమ్మ ఉంది. "ఇలాగే వేటాడేది, చార్టు మీద రాసెయ్" అన్నాను. మొదటి బహుమతి వస్తే రాష్ట్రస్థాయి పోటీకి భోపాల్ పంపిస్తారు. ఆ పిల్ల రెండు నెలలు ఆటలు మానేసి దాని మీదే కూర్చుంది.

మోడల్ వాళ్ల నాన్న చేశాడు. అప్పలనాయుడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వెల్డర్, హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల్లో పని. హ్యాండిల్ తిప్పితే ఇనుప చెయ్యి నీళ్లలోకి దిగుతుంది, తీగ లాగితే దవడలు మూసుకుంటాయి.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున ల్యాబ్‌లో ముగ్గురం తొట్టి నింపి, బజారు నుంచి తెచ్చిన రోహు చేపను వేశాం. జడ్జి రావడానికి అరగంట ఉంది. సునీత హ్యాండిల్ తిప్పింది. గోరు చేప కిందకి వెళ్లింది, పైకి లేచింది, చేప జారి నీళ్లలో పడింది. మూడుసార్లూ అంతే.

"ఏటండి టీచరమ్మ గారూ, చేపంటే చమురు పూసుకున్నట్టుంటాది. గోరుకి ఆగుతాదేటి? నోటితో పట్టాల" అన్నాడు నాయుడు.

నోటితో పట్టించినా జారిపోయింది. పళ్లను వేలితో తడిమాను. అద్దంలా నున్నగా ఉన్నాయి.

"గ్రైండింగ్ చేసేశావా?" అన్నాను. వెల్డింగ్ చేసినచోట మిగిలిన గరుకును అరగదీయడమన్నమాట.

"చెయ్యకపోతే మా ఫోర్‌మన్ తిడతాడండి. అలవాటైపోనాది!"

పుస్తకం తెరిచాను. పళ్లకు సన్నటి గాట్లు ఉండేవని రాసి ఉంది. నాయుడు సంచీలోంచి ఇనుము కోసే బ్లేడు తీసి ఒక్కో పన్ను మీదా గాట్లు పెట్టాడు. వేలు తెగి రక్తం వచ్చినా ఆగలేదు. ఈసారి దవడలు మూసుకున్నాక చేప కదల్లేదు.

"మరి చార్టు మేడమ్? గోరుతో పట్టేది అని రాశాం కదా. గలత్ హై నా, తప్పు కదా?" అంది సునీత.

వరండాలో చెప్పుల చప్పుడు. "ఉండనీ. ఎవరూ అడగరు" అన్నాను.

జడ్జి తెల్ల జుట్టాయన. చేప పట్టడం చూసి తల ఊపాడు. తర్వాత చార్టు చదివి, "గోరుతో పట్టేదా? కిస్‌నే దేఖా, బేటీ?" అన్నాడు. ఎవరు చూశారు అని.

సునీత నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

"కిసీ నే నహీ, సర్, ఎవరూ చూడలేదు" అందా పిల్ల. "పొలుసులు దొరికాయి కాబట్టి చేపలు తినేదని తెలుసు. ఎలా పట్టేదో తెలీదు. మా గోరుకి చేప ఆగలేదు, నోటికి ఆగింది. అసలు గోరు ఇంకా పదునుగా ఉండేదేమో."

"మరి తెలిసినట్టు ఎందుకు రాశావు?"

సునీత పెదవి కొరుక్కుంది. నా పేరు చెప్పలేదు. అప్పుడు నాకు నోరు పెగిలింది.

"నేను రాయించాను సర్. తప్పని పొద్దునే తెలిసింది. ఉంచేయమన్నదీ నేనే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పాప బాగా చెప్పింది మేడమ్. కానీ చార్టుకి కూడా మార్కులుంటాయి."

రెండో స్థానం వచ్చింది. భోపాల్‌కి వేరే స్కూలు వెళ్లింది. సునీత ఏడవలేదు, నాతో మాట్లాడనూ లేదు. నాయుడే, "పోన్లెండి, పిల్ల గట్టిగానే నిలబడ్డాది" అని మోడల్ భుజానెత్తుకున్నాడు.

మర్నాడు క్లాసులో ముందు ఆ పిల్లకి క్షమాపణ చెప్పాను. తర్వాత బోర్డు మధ్యలో గీత గీసి ఒకవైపు 'దొరికినవి', రెండోవైపు 'అనుకుంటున్నవి' అని రాశాను. రిటైరయ్యేదాకా ఏ పాఠమైనా అలాగే మొదలుపెట్టాను. తెలియదని చెప్పడానికి టీచరు భయపడితే నష్టపోయేది పిల్లలని ఆ పిల్లే నాకు నేర్పింది.

ఆ రోజు చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను. ఏది ఎటు రాయాలో చెప్పమన్నాను. చివరికి సునీత లేచింది.

"గోరు ఇటు రాయండి మేడమ్" అంది. "వేట అటు."