ఒంటె తినగా మిగిలిన మట్ట

ఎడారిలో పచ్చని చెట్టును నిలిపిన దేవునికి ముందుగా స్తోత్రం. ఖర్జూరపు చెట్టును చేసినవాడూ ఆయనే, ఒంటెను చేసినవాడూ ఆయనే, ఆ రెండింటి మధ్య నన్ను ఇరికించినవాడూ ఆయనే గనుక, ఇది చదువుతూ మీరు నవ్వే నవ్వంతా ఆయనకే చెందాలి.

ఆ రోజుల్లో ఖతర్‌లో చమురు డబ్బు కొత్తగా పొంగుతోంది. నిన్న ఇసుక ఉన్నచోట ఇవాళ రోడ్డు, రేపు మేడ. అందరూ కంపెనీల్లో పనికి వస్తే, గోదావరి కొబ్బరితోటల మధ్య పుట్టిన నేను సముద్రం దాటి వచ్చి మళ్ళీ తోటలోనే పడ్డాను. ముఐథర్ అనే ఊరి దగ్గర ఖర్జూరపు తోట. (ఇంటికి రాసేటప్పుడు మాత్రం 'ఆయిలు దేశంలో ఉద్యోగం' అని రాసేవాణ్ణి. అబద్ధం కాదు కదా.) శుక్రవారం సాయంత్రాలు ఎయిర్‌పోర్టు పక్కన ఒక విల్లా హాల్లో మా తెలుగువాళ్ళ ఆరాధన జరిగేది. (ఆ పేటను ఇప్పుడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అంటున్నారు. అప్పటికి అదీ పాతబడలేదు, నేనూ పాతబడలేదు.) సెలవు శుక్రవారమే కాబట్టి మా ఆదివారాలన్నీ శుక్రవారమే వచ్చేవి, మట్టల ఆదివారంతో సహా. ప్రభువు గాడిదపిల్లనెక్కి యెరూషలేముకు వచ్చినప్పుడు జనం ఖర్జూరపు మట్టలతో ఎదురువెళ్ళారు కదా, దానికి గుర్తుగా మేమూ మట్టలు పట్టుకుని పాడుతూ నడిచే పండుగ అది. మా ఊళ్ళో కొబ్బరి మట్టలతో చేసేవాళ్ళం. ఇక్కడ ఆకుపచ్చ కాగితం కత్తిరించుకుని చేసేవాళ్ళం.

ఆ ఏడు కూడా కాగితమే తెద్దామని మా సంఘపెద్దగారు అన్నారు. ఆయన ఒక కంపెనీలో గుమాస్తా, మాట మెత్తన. నేను కుర్రతనం కొద్దీ లేచి నిలబడి, "కాగితం ఎందుకండీ? నేను పనిచేసేదే మట్టల్లో. తలా ఒకటి పచ్చి మట్ట నేను తెస్తానండి" అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఛాతీ అంగుళం పెరిగింది. అప్పుడు వెనకనుంచి కడప అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె ఒక పెద్ద ఇంట్లో వంటమనిషి. ఆ ఇంటివాళ్ళు ఆమెను శుక్రవారం బయటికి పంపడమే అరుదు. "నిజం మట్టేనా నాయనా? కాయితంది కాదు గదా? నేనొచ్చినప్పటినుంచి పచ్చి మట్ట చేతబట్టింది లేదు. ఆ పొద్దు ఎట్లన్నా అడుక్కోని వస్తా. నాకొకటి దాచి పెట్టు" అంది. "అక్కా, నీకు అన్నిటికంటే పెద్దది!" అన్నాను. ఛాతీ ఇంకో అంగుళం.

మరుసటి వారమే ఆ అంగుళాలన్నీ దిగిపోయే వార్త వచ్చింది. సరిగ్గా మా పండుగ సాయంత్రమే, ఆరాధనకు కాస్త ముందు, చుట్టుపక్కల తోటలవాళ్ళంతా కలిసి ఊరేగింపు చేస్తారట. మా అర్బాబ్ (యజమానిని తోటలో అందరం అలాగే పిలిచేవాళ్ళం) పెద్ద వయసు మనిషి. చమురు రాకముందు తన తాతముత్తాతల్ని బతికించింది ఈ చెట్లేనని, ఈ కాలం పిల్లలకు ఆ సంగతి తెలియాలని ఆయన పట్టుదల. అందుకని తోటలో కొట్టిన మట్టలన్నీ లారీకి కట్టి, ఖర్జూరపాకు చాపలు, బుట్టలు పేర్చి ఊరంతా తిప్పాలన్నాడు. నేను మా మేస్త్రి దగ్గరికి పరుగెత్తాను. ఆయనది జగిత్యాల, హనుమంతుడి భక్తుడు, లారీ కూడా ఆయనే నడిపేవాడు.

"అన్నా, మా పండక్కి మట్టలు కావాలి. మాటిచ్చేశాను."

"మాటిచ్చే ముంగట నన్నడిగినవారా? కొట్టినయన్ని లారీకే. ఇంక చెట్టుమీద కత్తి పెట్టినవనుకో, అర్బాబ్ నీ మట్టలు నరుకుతడు."

"మరి నా పరువో?"

"జెర ఆగు తమ్మీ. ఊరేగింపు అయినంక గవి ఏం జేస్తరు? పారేస్తరు. అన్ని నువ్వే తీస్కో. గదే లారీల నిన్ను మీ ప్రార్థనకాడ దింపుత. యల్లా, నడువు, ముందుగాల కట్టు!"

దేవుడు హనుమంతుడి భక్తుడి నోట నాకు జవాబిచ్చాడని మురిసిపోతూ, ప్రతి మట్టా స్తోత్రం చెప్పుకుంటూ కట్టాను. అన్నిటికంటే పెద్దది కడప అక్క పేరు చెప్పి కట్టాను.

ఊరేగింపు బాగానే మొదలైంది. ముందు డప్పులవాళ్ళు, వాళ్ళ వెనక మా లారీ, లారీమీద చాపల మధ్య నేను. లారీ నడుపుతూ మేస్త్రి, ఆయన పక్కన అర్బాబ్. మా వెనక ఇంకో తోటవాళ్ళ ఒంటె. నేను మనుషుల్ని లెక్కలోకి తీసుకున్నాను, ఎండను లెక్కలోకి తీసుకున్నాను, ఒంటెకు ఆకలి వేస్తుందని మాత్రం తట్టలేదు. అది మెడ చాచి, ఎవరో వడ్డించినట్టు, మొదటి మట్టను మర్యాదగా లాక్కుంది.

"అన్నా! ఒంటె మట్టలు తింటోంది! కాస్త ముందుకు పోనీ!"

"ఏడికి పోవాలెరా? డప్పులోళ్ళ మీదికా?"

బుట్ట తీసుకుని ఒంటె మూతిమీద విసిరాను. అది బుట్టను కూడా రుచి చూసి వదిలేసింది. చేతులు చాచి అడ్డం నిలబడ్డాను. అది నా చంకలోంచి మెడ పెట్టి ఇంకోటి లాగింది. జనం విరగబడి నవ్వుతున్నారు. ఇదంతా మేము సాధన చేసి చూపిస్తున్న వినోదమనుకున్నారు కాబోలు. అర్బాబ్ కిటికీలోంచి తల బయటపెట్టి "జేన్! జేన్!" అని మెచ్చుకుని, మేస్త్రితో ఏదో అన్నాడు.

"తమ్మీ! అర్బాబ్ ఖుష్ అయిండు! నీ చేత్తోనే తినిపియ్యుమంటుండు!"

ఏం చెయ్యను? సంఘమంతటికీ మాటిచ్చిన మట్టల్ని ఒక్కొక్కటే విప్పి, పుట్టింటికొచ్చిన ఆడబిడ్డకు పెట్టినట్టు ఒంటెకు పెట్టాను. ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. అక్క మట్టను కిందపడేసి దానిమీద కూర్చున్నాను. (ఖర్జూరపు మట్ట మొదలు దగ్గర వేలెడు ముళ్ళుంటాయి. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఆ తోటలో లేడు. అయినా కూర్చున్నాను.) ఊరేగింపు అయ్యేదాకా లేవలేదు. కళ్ళలో నీళ్ళు చూసి అర్బాబ్ నాకు చెట్లంటే అంత ప్రేమ అనుకుని భుజం తట్టాడు. ఆ కాసేపట్లోనే ఒంటె పక్కనుంచి మెడ చాచి, నా కిందనుంచి బయటికి వచ్చిన కొసను సగం దాకా నమిలేసింది.

ఆ సగం మట్టతో నేను హాల్లోకి అడుగుపెట్టేసరికి అందరూ ఖాళీ చేతులతో ఎదురుచూస్తున్నారు. కాగితం కూడా కత్తిరించలేదు, నన్ను నమ్మి. కడప అక్క ముందు వరసలో ఉంది, కొత్త చీరలో. మట్ట ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని ముఖానికి ఆనించుకుని వాసన చూసింది.

"తడిగా ఉందేమి నాయనా?"

"ఒంటె నమిలిందక్కా. మిగతావన్నీ తినేసింది."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. "దానికీ పండగే గదా, చేసుకోనీలే" అంటూ, తనకోసం దాచమన్న మట్టను తనే రెబ్బలు రెబ్బలుగా చీల్చి చుట్టూ ఉన్నవాళ్ళ చేతుల్లో పెట్టింది. అందరికీ వచ్చాయి. చివరకు ఆమెకు మిగిలింది ముళ్ళున్న మొదలు. దాన్నే పైకెత్తి పట్టుకుంది. అప్పట్లో మా పాట వీధిలోకి వినపడకూడదు గనుక కిటికీలు మూసుకుని, గొంతు తగ్గించి పాడుతూ, ఆ హాలు చుట్టూ నడిచాం. తరువాత అందరూ కూర్చున్నారు, నేను కూర్చోలేకపోయాను. సంఘపెద్దగారు నన్ను చూపిస్తూ, "ఈ తమ్ముడి భక్తి చూడండి, ఆరాధన అంతా నిలబడే ఉన్నాడు" అన్నారు. సరిదిద్దే ధైర్యం నాకు లేకపోయింది.

కడప అక్క ఆ తరువాత ఊరికి వెళ్ళిపోయింది, మళ్ళీ కలవలేదు. ఇప్పుడు మా పండుగకు మట్టలు బండ్లమీద వస్తున్నాయి, తలకు రెండు తీసుకున్నా మిగులుతున్నాయి. నేను మాత్రం నా మట్టలోంచి ఒక్క రెబ్బ చీల్చి పట్టుకుని, ఆరాధన అయ్యేదాకా నిలబడే ఉంటాను. మోకాళ్ళ నొప్పులు, కూర్చోండి తాతగారూ అంటారు పిల్లలు. ముళ్ళు గుచ్చుకుంటాయర్రా అంటే వాళ్ళకు అర్థం కాదు.

చదివినవాళ్ళారా, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. చెట్లను మరిచిపోనివ్వని ఆ అర్బాబ్ కోసం, నన్ను ఆ సాయంత్రం లారీలో నిలబెట్టి తీసుకెళ్ళిన మేస్త్రి కోసం, ఎక్కడున్నా కడప అక్క కోసం. మనసొప్పితే ఆ ఒంటె కోసం కూడా. ఆమేన్.