తోంగ్‌పాల్‌లో బరువెక్కిన కాలు

ముందుగా నష్టాలు. ఎడమ కాలి కొత్త చెప్పు ఒకటి. ఇస్త్రీ చొక్కాకు ఉన్న ఐదు గుండీల్లో రెండు. లడ్డూలు రెండు కేజీలు. ఎడమ చీలమండకు దేవుడిచ్చిన సన్నని ఆకారం, శాశ్వతంగా. పరువు కూడా పోయింది గానీ, దాన్ని ఏ తక్కెడలో వేయాలో తెలియక లెక్కలో చేర్చలేదు. ఇంత పోయాక కూడా నేను లాభపడ్డానని చెబితే నమ్మరు. వినండి.

సంస్థానం విలీనమైన కొత్తల్లో మా తాత తెలుగు సరిహద్దు దాటి కొంటాలో పెట్టిన కొట్టు మాది. అక్కడ చింతపండు బస్తాలు తూస్తూ లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. దాంతో ఇరవై నాలుగేళ్ళకే, లోకంలో నా లెక్కకు అందనిది లేదన్న ధీమా వచ్చింది. ఆ జూన్‌లో జగదల్‌పూర్‌లోని ఒక తెలుగు బట్టల వ్యాపారి ఇంటికి పెళ్ళిచూపులకు బయలుదేరాను. పెద్దల మాటలు అయిపోయాయి, పిల్లను చూడడమే మిగిలింది. నాన్నకు కొట్టు వదలడం కుదరక నన్నొక్కణ్ణే బస్సెక్కించాడు.

తోంగ్‌పాల్‌లో టీకి బస్సు నెమ్మదించింది. ఆగకముందే దిగితే మొదటి టీ నాదే. బస్సు వేగం, మెట్టు ఎత్తు, నా కాలి పొడవు సరిచూసుకొనే దూకాను. లెక్క తప్పలేదు. గుంత ఒక్కటే లెక్కలోకి రాలేదు. చీలమండ మెలికపడింది; చెప్పు చక్రం కిందికి, లడ్డూలు కుక్కల పాలికి పోయాయి.

టీ కొట్టు ముసలమ్మను అందరూ దాయీ, అంటే అమ్మ, అంటారు. ఆమె నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, పసుపూ సున్నమూ పట్టించి, వెచ్చని ఆముదపాకు కట్టింది. కాలు అడుగు తీసి అడుగు వేయలేనంత బరువైంది. ఇంతలో బస్సు హారన్. కండక్టర్ కిటికీలోంచి కేకేశాడు. కాలు బరువెక్కింది, రాలేను, బట్టల సేఠ్‌కు చెప్పమని తెలుగులో అనుకొని, మాటకు మాట హిందీలో పెట్టాను.

"పైర్ భారీ హో గయా! నహీఁ ఆ సకేంగే! బట్టల సేఠ్‌కో బోల్ దేనా!"

"కిస్‌కా?" ఎవరిదని అడిగాడు.

"హమారే యహాఁ!" అంటూ మా దగ్గరే, ఇక్కడే అన్నట్టు కాలికేసి వేలు చూపించాను. బెంచీ అడ్డొచ్చి అతనికి వేలు కనబడలేదు. మొహం మాత్రం వెలిగిపోయింది.

"ముబారక్ హో! కౌన్ సా మహీనా?"

ఏ నెల అంటాడు! లెక్కలవాణ్ణి, తడుముకుంటానా? జూన్ కదా.

"ఛఠా!" అన్నాను. ఆరోది.

కాలు బెణికితే అభినందించే మంచి మనుషుల మధ్య ఉన్నానని మురిసిపోయాను కూడా.

సాయంత్రం బస్సులో బట్టల వ్యాపారే దిగాడు. వెనక ఒక అమ్మాయి.

"ఏందయ్యా! ఇంట్ల ఆరో నెల పెట్టుకొని మా పిల్లను చూడొస్తవా?"

"ఇంట్ల కాదండి, ఈడనే. పొద్దుగాల అయింది."

"ఈడ గూడనా!"

"తొందరపడ్డ, తప్పు నాదే. ఈ దాయీని అడుగుండ్రి, అంతా ఆమె ముందే అయింది."

దాయీకి డెబ్బై ఏళ్ళుంటాయి. ఆయన ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"సంబంధం ఖతం! పద బిడ్డా."

అమ్మాయి కదల్లేదు. "ఆగు నాయనా. దొంగ కాపురం చేసేటోడు నెల లెక్కతోటి కబురు పంపుతడా? అందుకే నేను గూడ వస్తనన్న." నావైపు తిరిగింది. "మీ కాలేది?"

బెంచీ కింద నుంచి తీసి చూపించాను. అప్పటికది ఆకు చుట్టిన గుమ్మడికాయలా ఉంది. ఆమె పక్క బెంచీ మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"నాయనా, ఈయనకు నిజంగ కాలే బరువెక్కింది! హిందీల పైర్ భారీ అంటే కడుపుతో ఉన్నదని అర్థమండీ. హమారే యహాఁ అంటే మా ఇంటామెకు అని!"

"మరి ఆరో నెల?" ఆయనకు ఇంకా అనుమానమే.

"జూన్ ఆరో నెలే కదండి," అన్నాను.

ఆయన జనవరి నుంచి వేళ్ళు మడుచుకుంటూ వచ్చాడు. ఆరో వేలి దగ్గర ఆగి, దాయీని మూడు టీలు పెట్టమన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాకు రెండూ ఒక్క పూటలో జారాయి. రెండింటినీ తీసి నిలబెట్టింది ఆమే. పెళ్ళిలో ఏడడుగులూ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకొని నడిచాను. జనం ప్రేమ అనుకున్నారు. చీలమండ అది. తర్వాత తర్వాత ప్రేమ కూడా అయింది.

ఆ బెణుకు పూర్తిగా పోలేదు. నేల మీద కూర్చుంటే లేవడానికి ఇప్పటికీ ఆమె చెయ్యి కావాలి. ఆ గుంతను రోడ్డు వాళ్ళు ఎప్పుడో పూడ్చేశారు. అటు వెళ్ళినప్పుడు మాత్రం, ఉన్నచోటు గుర్తుపెట్టుకొని ఒక దండం పెడతాను.

ఆమెకు ఒకటే కొరత. "పిల్లోడే పిల్ల ఇంటికి రావాలె. నేనే టికెట్ కొనుక్కొని వచ్చి మిమ్మల్ని చూసిన. నాకు పెళ్ళిచూపులు బాకీ. ఆ జూన్ లెక్కనే, జూన్‌ల మా పుట్టింటికి వచ్చి చూసి పోండ్రి," అంటుంది. ఏటా జూన్‌లో తొలకరి పడగానే నా చీలమండ వాస్తుంది, బస్సు మెట్టెక్కనివ్వదు.

కాబట్టి దాయీ టీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నా ఒంట్లో ఏ అవయవం గురించీ ఇక హిందీలో మాట్లాడను. ఈ రోజుకు ఇంకా తీర్చవలసిన బాకీ: పెళ్ళిచూపులు, ఒకటి.