మూల తెగిన బొంత

పాలాయన చెంబులో పాలు పోస్తుంటే నేను పాలను చూడను, ఆయన చేతిని చూస్తాను. కూరగాయలామె తూకం వేస్తుంటే తక్కెడ కిందికి వంగి చూస్తాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా, నాదీ అంతే. అలాంటి నా చేతికి మా ఇంట్లో పార్సిళ్ల పని వచ్చింది. ఇంకెవరి చేతికి పోయినా ఆ వ్యాపారం పట్టుమని ఒక ఎండాకాలం కూడా నిలిచేది కాదని ఇప్పటికీ నా నమ్మకం.

వ్యాపారం అంటే మా అత్త బొంతలు. పాత చీరలు, ధోవతులు పొరలుగా పరిచి, అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమి దాకా కుట్టుకుంటూ పోయేది, ఒక మూల మాత్రం తెరిచి ఉంచి ఆఖరున మూసేది. అత్త పుట్టిల్లు ధర్మాబాద్ అవతల, మరాఠీ మాట్లాడే పల్లె. బోధన్ కోడలై ఎన్నేళ్లయినా కోపం వస్తే మాత్రం మరాఠీలోనే తిట్టేది. మా మరిదికి బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన రోజులవి. పిల్లలు పరీక్ష ఫలితాల కోసం, దుబాయి పోయినవాళ్ల భార్యలు కంప్యూటర్లో మొగుళ్ల మొహాలు చూడటం కోసం వచ్చేవాళ్లు. ఒక మధ్యాహ్నం గిరాకీ లేక, మరిది అత్త బొంతలకు ఫొటోలు తీసి, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కలిసే ఒక వెబ్‌సైట్‌లో పెట్టాడు.

"పాత బట్టల బొంత ఎవడు కొంటడురా, పిచ్చోడా" అని అత్త నవ్వింది.

కొన్నారు. మొదట పుణె నుంచి ఒకరు, తర్వాత నాగపూర్ నుంచి ఒకరు. అడగటం వాళ్ల వంతు అయింది, కుట్టడం అత్త వంతు, పంపటం నా వంతు.

పంపటం అనేది చిన్న మాట. మన చేతిలోని వస్తువును ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టి, వాడు ఇంకొకడి చేతిలో పెడతాడని, ఆ ఇంకొకడు మంచివాడే అయి ఉంటాడని అనుకుని ఇంటికొచ్చి అన్నం తినడం. నాకు అన్నం దిగేది కాదు. అందుకని ఊళ్లో ఎన్ని దారులున్నాయో అన్నీ చూడాలనుకున్నాను.

పోస్టాఫీసు మంచిదే. తెల్ల గుడ్డలో మూట కట్టి, కుట్టి, లక్క ముద్ర వేయించుకుంటే ఒక గౌరవం ఉండేది. కానీ ఎప్పుడు చేరుతుందో చెప్పేవాళ్లు కాదు. ఎక్కువ రోజులంటే ఎక్కువ చేతులు అని నా లెక్క. బస్సు పార్సిల్ చవక, తొందర కూడా. అయితే అది హైదరాబాద్ దాకానే. అక్కడ దిగాక కొన్నవాళ్లే వచ్చి తీసుకుపోవాలి. పుణె మనిషి హైదరాబాద్ ఎందుకొస్తాడు? లారీ ట్రాన్స్‌పోర్టు వాళ్లు ఉండేది నిజామాబాద్‌లో, మూటను చూసి నవ్వేవాళ్లు. పసుపు బస్తాలు, ఇనుప సామాను మోసేవాళ్లకు బొంత ఒక లెక్కా. మన ముందే దాన్ని బస్తాల మీదికి విసిరేవాళ్లు. మన ముందే అట్లా విసిరితే వెనక ఏం చేస్తారో అని నేను నిజామాబాద్ నుంచి బోధన్ దాకా బస్సులో అదే ఆలోచించుకుంటూ వచ్చేదాన్ని.

ఇక కొరియర్. ఒక షట్టరు, ఒక తూకం మిషను, ఒక టీవీ. టీవీ ముందు ఒకతను. పార్సిల్ తీసుకుంటూ కూడా టీవీ మీంచి కళ్లు తిప్పడు. బెంగళూరైనా మూడు రోజులే అనేవాడు. నేను మూటను చూపిస్తూ జాగ్రత్తలు చెబుతుంటే, "అయితది అక్క, అయితది" అనేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు అనుమానం ఇంకో మెట్టు ఎక్కేది.

ఎవరు దొంగో తేల్చడానికి నేనే ఒక పరీక్ష పెట్టాను. పనికిరాని పాత దుప్పట్లు మూటలు కట్టి, ఒక్కో మూటను ఒక్కో దారిలో హైదరాబాద్‌లో ఉన్న మా అక్కకు పంపాను. ఎవరైనా విప్పి మళ్లీ కుడితే తెలియాలని, ప్రతి మూట కుట్టులో నా తల వెంట్రుక ఒకటి కలిపి కుట్టాను. మొదటి మూట అందగానే అక్క ఫోను చేసింది.

"నీకేమన్న దిమాగ్ ఉన్నదా? కుట్టుల వెంట్రుకలు పెట్టి పంపుతవా? మా పక్కింటామె సూసింది. బాణామతి అంటున్నది."

తర్వాతి మూటలకు వెంట్రుక మానేసి నీలం దారం వాడాను. అన్ని మూటలూ చేరాయి. ఒక్క కుట్టు కూడా కదల్లేదు. అక్క సాక్ష్యం చెప్పింది. మామూలు మనిషైతే అక్కడితో నిమ్మళంగా ఉండేది. నేను మాత్రం, ఇందులో ఏదో ఉంది, అందరూ ఇంత మంచివాళ్లు ఎట్లా అవుతారు అనుకున్నాను.

నా అనుమానమే నిజమైనట్టు కనిపించింది. పుణెకు పోయిన అసలు బొంత ఒక మూల తెగి చేరింది. మూటా అక్కడే తెగింది, బొంతా అక్కడే తెగింది. అది కొరియర్‌లో పోయింది. సరే, కొరియరతనే దొంగ అని నాగపూర్ బొంతను లారీలో పంపాను. అదీ ఒక మూల తెగి చేరింది. ఉత్త దుప్పట్లు భద్రంగా పోతాయి, అసలు బొంతలు మాత్రం మూల తెగి పోతాయి. అంటే ఏ మూటలో ఏముందో వాళ్లకు ముందే తెలుసు. చెయ్యి పెట్టి చూడటానికి సరిపడా మూల కోసి, లోపల విలువైనదేమీ లేదని వదిలేస్తున్నారు. మరి వాళ్లకు చెబుతున్నదెవరు? ఒక రెండు రోజులు మా మరిదిని కూడా అనుమానంగా చూశాను. అతనికి అన్నం వడ్డిస్తూ, "కొరియర్ పిలగాడు నీ దోస్తా?" అని అడిగాను. "దోస్త్ ఎందుకైతడు వదినా, వాని మొహం ఎవడు సూసిండు, ఎప్పుడు టీవీ దిక్కే ఉంటడు" అన్నాడు. ఆ జవాబు కూడా నాకు తయారు చేసుకున్నట్టే అనిపించింది.

కొరియర్ షట్టరు ముందు నిలబడి అడిగేశాను. అతను మొదటిసారి టీవీ తగ్గించాడు.

"నీ బొంత కోసి నేనేం జేసుకుంట అక్క? మా ఇంట్ల బొంతలు లెవ్వా?"

"మరి మూల ఎట్ల తెగింది?"

"నాకేం ఎర్క? నీ ఒక్కదాని మూటనే తెగుతది. వేరేటోళ్లయి తెగయి. ఏం పెడుతున్నవో నువ్వే సూసుకో."

చేసిందంతా చేసి నీతులు చెబుతున్నాడని మండిపోయింది. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు ఉంది అని మొహం మీదే అని వచ్చేశాను.

అప్పుడే బెంగళూరు ఆవిడ అడిగింది. తెలుగావిడే, ఉద్యోగం చేసుకుంటూ ఒక్కతే ఉండేది. వాళ్ల అమ్మ చనిపోయింది. అమ్మ చీరలన్నీ బంధువులు పంచుకుపోగా ఐదారు నేత చీరలు మిగిలాయట. వాటితో బొంత కుట్టి ఇస్తారా అని మరిదికి ఈమెయిల్ రాసింది. అమ్మ సంవత్సరికం నాటికి కావాలంది. చీరలు పోస్టులో వచ్చాయి. విప్పగానే కర్పూరం వాసన, దాని కింద ఎక్కడో తలనూనె వాసన. ఒక చీర కొంగుకు ఇంకా ముడి ఉంది. తాళంచెవి కట్టుకున్న ముడి అయి ఉంటుంది. అత్త దాన్ని విప్పలేదు. ముడితోనే లోపలి పొరలో పరిచింది.

అంతకుముందు బొంతలు పోతే మా కష్టం పోయేది. ఇది పోతే అట్లా కాదు. ఇంకో బొంత కుట్టి పంపడానికి ఆ చీరలు ఇంకెక్కడా లేవు. నాకు నిజంగా భయం వేసింది. పనులన్నీ మానుకుని నేనే తీసుకుపోయి ఇచ్చి రావాలనుకున్నాను. కానీ బెంగళూరు ఏ దిక్కున ఉందో కూడా నాకు తెలియదు. పోస్టులో పంపుదామంటే సంవత్సరికం దాటిపోతుందేమో. తిరిగి తిరిగి చివరికి నేను దొంగ అన్న కొరియరే దిక్కయింది.

అత్త చివరి మూల కుట్టే రోజు మూటగుడ్డ కోసం నేను పక్కనే కూర్చున్నాను. ఆ మూల మూసే ముందు అత్త లోపలికి పోయి గుప్పెడు బియ్యం తెచ్చి, మూల లోపల పోసి, కుట్టేసింది. ఆమె ప్రతి బొంతకూ అట్లానే చేసేది. వాళ్ల అమ్మ కాలం నుంచి ఉన్న పద్ధతట. బొంత ఆకలితో ఉంటే కప్పుకున్నవాళ్లకు నిద్ర పట్టదట. మా పెళ్లిలో ఇచ్చిన బొంత మూలలో కూడా బియ్యం ఉండేవి. పిల్లలు దాన్ని నలుపుతూ పడుకునేవాళ్లు. ఇంట్లో రోజూ చూసే పని కాబట్టి దాని మీద నాకు ఏ ఆలోచనా రాలేదు. ఊరందరినీ అనుమానించినదాన్ని ఆ గుప్పెడు బియ్యాన్ని మాత్రం వదిలేశాను.

మూటను రెండు పొరల గుడ్డలో కుట్టి, తీసుకుపోయి, కొరియరతను దాన్ని లోపల పెట్టేదాకా నిలబడ్డాను. లోపల అంటే వెనక గది. దాని పక్క గోడ అవతల చక్కెర బస్తాల గోదాము. చెరకు సీజను కావడంతో రోడ్డంతా బండ్లు, గాలిలో చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన. వ్యాను వచ్చేది మర్నాడు పొద్దున్నే అన్నాడు. రాత్రంతా మూట ఇక్కడే ఉంటుందా అని అడిగాను. "మరి నా మంచం మీద పండపెట్టుకోవాల్నా?" అన్నాడు. షట్టరు వైపు వెనక్కి చూసుకుంటూ ఇంటికి వచ్చేశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి ఫోను మోగింది. బెంగళూరు ఆవిడ.

"బొంత వచ్చిందండీ. ఒక మూల తెగిపోయి ఉంది."

కొరియరతణ్ని తిట్టడానికి ఎన్ని మాటలున్నాయో అన్నీ ఆమె చెవిలో పోశాను. దొంగలన్నాను, పోలీసు కేసు పెడతానన్నాను, మీ డబ్బులు మీకు వాపసు ఇస్తామన్నాను. ఆమె అన్నీ వింటోంది. వింటూ ఉందంటే ఇంకా పెద్దదేదో అడగబోతోందని నేను గోడకు ఆనుకున్నాను.

"చీరలు బాగానే ఉన్నాయండీ. కొంగు ముడి కూడా చేతికి తగులుతోంది. ఆ మూల మాత్రం ఎలుక కొరికినట్టు ఉంది. దారాల్లో బియ్యపు గింజలు చిక్కుకుని ఉన్నాయి. లోపల బియ్యం ఎందుకున్నాయి?"

అప్పుడు తెలిసింది. దుప్పట్లలో బియ్యం లేవు. పుణె బొంతలో ఉన్నాయి. నాగపూర్ బొంతలో ఉన్నాయి. అక్కడ లారీవాళ్ల బస్తాల మధ్య, ఇక్కడ చక్కెర గోదాము గోడ పక్కన రాత్రంతా బియ్యం మూట పెట్టి, పొద్దున మనుషులను తిట్టుకుంటూ తిరిగాను. ఎలుకల గోదాము పక్కన షట్టరు పెట్టుకున్నది కొరియరతనే, ఆ తప్పు అతనిదే అని ఇప్పటికీ అంటాను.

ఆవిడకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. బొంత ఆకలితో ఉండకూడదని మా అత్త గుప్పెడు బియ్యం పెడుతుందని.

"మా అమ్మ చివరి నెలంతా ఏమీ తినలేదండీ" అన్నది ఆవిడ. "ముక్కులో గొట్టం పెట్టారు. ఆకలేస్తోందమ్మా అని సైగ చేసేది."

గచ్చు మీద కూర్చుని ఇంకో బొంత పరుచుకుంటున్న అత్తకు ఆ మాట చెప్పాను. అత్త సూది పక్కన పెట్టి, చెయ్యి చాపి ఫోను తీసుకుంది.

"బిడ్డా, మళ్ల ఈడికి పంపకు. పంపితే మళ్ల కొరుకుతయి. సూది దారం ఉన్నయా ఇంట్ల? తెగిన కాడ పాత గుడ్డ ఏదన్న ఏసి, నీ ఇంట్ల బియ్యమే గుప్పెడు పొయ్యి. నువ్వు కుట్టు. మా బియ్యం మీ అమ్మకెందుకు? బిడ్డ పెట్టింది కావాలె."

ఆ తర్వాత మా బొంతలన్నీ బియ్యం లేకుండా, ఒక మూల తెరిచే పోయాయి, కుట్టుకోవడానికి సూదీ దారంతో సహా. ఎలుకలు వాటి జోలికి రాలేదు. ఆ పద్ధతి ఆ మధ్యాహ్నం అత్త నోటి నుంచే వచ్చింది. కానీ అప్పుడు మేము దాన్ని పట్టించుకునే స్థితిలో లేము. అత్త ఇంకా ఫోను పెట్టలేదు.

"నువ్వు తిన్నవా?" అని అడిగింది.

అవతల ఏం చెప్పిందో నాకు వినిపించలేదు. అత్త గోడ గడియారం వైపు చూసింది.

"మూడు దాటింది. ఇంకెప్పుడు తింటవ్? ఆకలితోటి కుట్టద్దు, మంచిది గాదు. పో, పెట్టుకొని రా. ఫోను పెట్టకు. నేనుంటా."

సన్నగా ఏడుపు వినిపించింది. అత్త ఊరుకోమని అనలేదు. ఫోను చెవికి ఆనించుకుని, ఆ ఏడుపు అయ్యేదాకా కూర్చుంది. కాసేపటికి అవతల ఎక్కడో కంచం పెట్టిన చప్పుడయింది. అత్త నా వైపు చూసి తల ఊపింది.