పీకితే రాని పందిరి

పక్కింటి పెద్దమ్మ పోయిందన్న కబురు ఆమె కూతురు హిందూపురం ఆసుపత్రి నుంచి ఫోన్‌లో చెప్పింది. "అక్కా, అమ్మ పాయ" అంది, అంతే. అప్పుడు నేను పెనుకొండలో పెద్దమ్మ తోటలోనే ఉన్నాను. ఆమె చెప్పిపోయినట్టు, పొట్లకాయలు వంకర తిరగకుండా కొసలకు రాళ్ళు కడుతున్నాను. ఫోన్ పెట్టేసి మిగిలిన కాయలకు కూడా కట్టాను. పని సగంలో వదిలితే ఆమె తిట్టేది.

ఆమె ఎలాంటి మనిషో నలుగురికీ తెలియాలని ఇది పేపరుకు రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, దాచను. ఆమె మరిది రోజూ పొద్దున అరుగు మీద కూర్చుని పేపరు మొదటి నుంచి చివరి దాకా చదువుతాడు. ఇది ఆయన కంట పడాలి. కాఫీ గొంతులో ఉండగా పడాలి.

ఆయన ఇంటికీ పెద్దమ్మ ఇంటికీ మధ్య ఒక కారు పట్టేంత జాగా ఉంది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు అది పెద్దమ్మ భర్త వాటాకు వచ్చింది. భర్త పోయాక పెద్దమ్మ అందులో కూరగాయలు పెట్టుకుంది. చోటు తక్కువ కాబట్టి అన్నీ పైకి పాకేవే: బీర, కాకర, పొట్ల, చిక్కుడు.

నాకు పందిరి వేయడం నేర్పింది ఆమే. నేను ఏ పనికైనా ముందు కొలుచుకుని, రాసుకుని దిగే మనిషిని. మా మిద్దె మీద కాకర పెట్టాలనుకుని ఇనుప పైపులు, జాలీ, మేకులతో కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెండ్లి పందిరా మే ఇది? కాకరకాయకు ఇంత మర్యాద ఎందుకు?"

మరుసటి రోజే గోరంట్ల బస్సెక్కించింది. అక్కడ పట్టుపురుగులు పెంచేవాళ్ళ ఇంటి వెనక, పురుగులు ఆకు తినేశాక మిగిలిన మల్బరీ కట్టెలు గుట్టగా పడి ఉన్నాయి. అడిగితే సంతోషంగా తీసుకుపొమ్మన్నారు. సన్నవి అల్లికకు, పాత చెట్ల నుంచి కొట్టిన లావువి గుంజలకు ఏరింది. తాడు ఆమె పుట్టిల్లు ధర్మవరం నుంచి వచ్చేది. మగ్గం బాగు చేసినప్పుడు పారేసే నైలాన్ దారాలను మూటగట్టి తెచ్చుకుని, మూడేసి పోగులు కలిపి పేనేది. ఎంత కాయ వేలాడినా అది తెగడం నేను చూడలేదు.

కట్టెలను బాగా ఎండబెట్టి, తలకిందులుగా పాతాలి. పచ్చివి మొగ్గ పైకి పెట్టి పాతితే వేరు పోసుకుని, తీగకు పోసిన నీళ్ళు అవే తాగుతాయి. ఎండకు కాలే గోడకు జానెడు ఎడం ఉండాలి. ఎత్తు ఎంత అని టేపు తీస్తే నవ్వి నా చెయ్యి పైకెత్తించింది. "ఇది యాడికి అందుతాదో ఆడికే పందిరి. ఆపైన కాసేది నీకు కాదు, కాకులకు." ముడులు దగ్గర దగ్గరగా వేయించేది. "తీగ చెయ్యి చాపినప్పుడు ఏదో ఒకటి తగలాల మే. పట్టు దొరక్కపోతే అదేం చేస్తాది పాపం" అనేది. భర్త పోయిన కొత్తలో ఆమె ఎలా నిలదొక్కుకుందో నేను ఎన్నడూ అడగలేదు. ఆ మాట విన్నాక అడగాల్సిన పని లేకపోయింది.

మరిది కారు కొన్న వారానికి, ఒక పొద్దున లేచి చూస్తే పందిరి మొత్తం నేల మీద ఉంది. చిక్కుడు నిండు కాపు మీద ఉంది. పూత, పిందె అన్నీ మట్టిలో కలిసిపోయాయి. ఆయన అక్కడే నిలబడి చేతులు దులుపుకుంటున్నాడు.

"ఊరికే పడుండే జాగా కదా వదినా, కారు నిలుపుకుంటా. నీకేం పోతాది?"

"పందిరి ఉండె కదబ్బా."

"అదీ ఒక పందిరేనా? చేత్తో పీకితే వచ్చేసినాయి."

"చేత్తోనే వచ్చినాయా?"

"చేత్తోనే."

"సరే" అంది పెద్దమ్మ.

నేను కొంగు బిగించి కొట్లాటకు సిద్ధమయ్యాను. ఆమె నన్ను లోపలికి లాక్కెళ్ళి, గోరంట్లకు పోయి కట్టెలు తెమ్మంది. "పచ్చివి తేపో. ఈపొద్దు కొట్టినవి. మొగ్గ పైకి పెట్టి నాటుదాం."

"వేరు పోస్తాయి కదా పెద్దమ్మా?"

"పోయనీ."

జాగాకు రెండు వైపులా వరుసగా నాటాము. పాత్రలు కడిగిన నీళ్ళన్నీ వాటికే. నెల తిరక్కుండా చిగురు వచ్చింది. తీగలకు ఎండ తగలాలని అడుగు ఆకులు గిల్లి, వీధిలోకి వచ్చే గొర్రెలకు వేసేది. మళ్ళీ చిక్కుడు కాసింది. వీధిలో ప్రతి ఇంటికీ గిన్నెడు పంపింది, మరిది ఇంటికి తప్ప. ఆయన భార్య గోడ మీద నుంచి పిడికెడు అడిగితే, "ఇవి పీకితే రావమ్మా, అడిగితే వస్తాయి. మీ ఆయప్పను వచ్చి అడగమను" అంది. ఆయన అడగలేదు. ఆ ఇంట్లో వాళ్ళు ఆ ఏడాది చిక్కుడుకాయ సంతలో కొనుక్కుని తిన్నారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండుతుంది.

రెండో ఏడు ఎండాకాలంలో ఆయన మళ్ళీ పీకడానికి వచ్చాడు. గుంజను రెండు చేతులా పట్టుకుని లాగాడు. అది కదల్లేదు. కాలు తన్నిపెట్టి లాగితే చేతులు జారి వెనక్కి కూలబడ్డాడు. పెద్దమ్మ మెట్టు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. తల కూడా ఎత్తలేదు. "పదిలం అబ్బా, నడుము పట్టేస్తాది" అంది. ఆ సాయంత్రం ఆమె నాకు బొరుగులు కలిపి పెట్టింది. ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాము.

ఆమె పోయిన మూడో రోజు, ఇంట్లో దీపం ఆరకముందే, ఆయన రంపం మిషనుతో మనిషిని తెచ్చాడు. దినాలకు వచ్చేవాళ్ళు బండ్లు పెట్టుకోవడానికట. చెట్లన్నీ నేలకు సమంగా కోయించాడు. పొట్లకాయలు కట్టిన రాళ్ళతో సహా కుప్పలో పడ్డాయి. దినాలు అయ్యాక అక్కడ మిగిలింది ఒక్క ఆయన కారే. దాన్ని అక్కడ నిలిపి, జాగా తనకు రాసివ్వమని పెద్దమ్మ కూతుర్ని అడిగాడు.

ఆ పిల్లది హిందూపురంలో బట్టల అంగట్లో ఉద్యోగం. "రోజూ కొట్లాడేకి నేనీడ ఉండను కదక్కా. ఇచ్చేస్తా, పీడ పోతాది" అంది. ఆ మాట వింటే పెద్దమ్మ చేసిందంతా ఒక్క పొద్దులో పోయినట్టనిపించింది. నేను ఆ పిల్లను కారు పక్కకు తీసుకుపోయి మొదళ్ళు చూపించాను. పట్టు రైతు తన మల్బరీని తానే నేల దాకా కోస్తాడు. కోసిన కొద్దీ పిలకలు ఎక్కువ వస్తాయి. ఆ సంగతి వాళ్ళ చిన్నాయనకు తెలియదు.

"ఈ వానాకాలం ఆగు" అన్నాను. "అప్పటికీ ఇచ్చేయాలనిపిస్తే నీ ఇష్టం."

కూతురి కానుపుకని మరిది, ఆయన భార్య బెంగళూరు పోయి నాలుగు నెలలు అక్కడే ఉండిపోయారు. జాగాకు కాపలాగా కారును అక్కడే ఉంచి, బస్సులో పోయారు. వానలు పడ్డాయి. ఒక్కో మొదలు నుంచి గుంపుగా పిలకలు లేచాయి. వాటి పక్కన నేను చిక్కుడు గింజలు పెట్టాను. ఆదివారాల్లో ఆ పిల్ల హిందూపురం నుంచి వచ్చేది. ఇద్దరం పిలకలను కారు మీదుగా వంచి, ధర్మవరం తాడుతో ఇటువైపువి అటువైపు వాటికి కట్టాము. కారు ముందు, వీధి వైపు కూడా అడ్డంగా అల్లాము. కారుకు గీత కూడా పడనివ్వలేదు. ముడులు ఆ పిల్లే వేసింది, దగ్గర దగ్గరగా.

మొన్న ఆదివారం ఆయన దిగాడు. వీధిలో అందరూ గడపల్లోకి వచ్చి నిలబడ్డారు, ఎవరూ పిలవకుండానే. ఆయన తాళంచెవి పట్టుకుని పందిరి చుట్టూ తిరిగాడు. లోపలికి దోవ దొరకలేదు.

"ఇదేం పని పాపా? తీయించు" అన్నాడు.

"కాపు మీదుండాది చిన్నాయనా" అంది ఆ పిల్ల. "అయినంక తీస్తాం. అంతదంకా మీ కారు మా తోటలోనే ఉండనీండి, ఏం పర్వాల్యా. జాగా మాత్రం నేనెవరికీ ఇయ్యను."

గడపల్లో ఎవరో గట్టిగా నవ్వారు. ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆకుల సందుల్లోంచి కారు ముందు అద్దం కొంచెం కనిపిస్తోంది. దాని మీద రాలిన ఊదారంగు చిక్కుడు పూలున్నాయి. పక్క అద్దానికి ఒక లేత తీగ చుట్టుకుని, అక్కడి నుంచి ఇంకా పైకి పోవడానికి కొస చాపి గాలిలో ఊగుతోంది.