పాములకు నేను చూసిన సంబంధం

మా మేడగదిలో మూడు ప్లాస్టిక్ డబ్బాల్లో మూడు కార్న్ స్నేక్‌లు ఉంటాయి. విషం లేని విదేశీ పాములు. అటవీశాఖలో నమోదు చేయించి మరీ పెంచుతున్నాను. చీపురుపల్లిలో మా వీధివాళ్లకు నేనొక పిచ్చిదాన్ని. అనుకోనీ, నాకేం!

ఆ ఏడు నాకు నలుపన్నది లేని, ఎర్రకళ్ల నారింజరంగు పిల్లలు కావాలి. ఒకే తల్లికి పుట్టిన అన్నాచెల్లెళ్లు నా దగ్గరే ఉన్నాయి. తండ్రిది ఆ రంగే కాబట్టి, పైకి మామూలుగా కనిపించినా రెండింటిలోనూ అది దాగి ఉంది. వాటినే కలిపెయ్యమని పాములు పెంచేవాళ్ల ఫోన్ గ్రూపులో ఒకటే పోరు. నేను కలపలేదు. ఒక్క కడుపున పుట్టినవాటిలో దాగిన గుణాలూ చాలావరకు ఒకటే. కోరిన రంగుతోపాటు కోరని లోపాలు కూడా పిల్లల్లో బయటపడొచ్చు. అందుకే చెల్లెలికి, ఆ రంగే ఉన్నా ఏ చుట్టరికమూ లేని మగపామును వేరే ఊరినుంచి తెచ్చాను. దాని అమ్మానాన్నల వివరాలన్నీ నోటుపుస్తకంలో గీతలు గీసి రాసుకున్నాను.

ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్న రోజే మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఆమదాలవలసలో రైలెక్కి మా ఇంటికొచ్చాడు. తన కొడుక్కి నన్ను అడగడానికి.

“ఏటే, పాములకి సంబంధాలు సూస్తన్నావా? మీ బావ ఉండగా నీకు సూడక్కర్లేదులే” అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. “పాముకే సుట్టాల సంబంధం వద్దన్నదాన్ని, నాను సేసుకుంటానా మావయ్యా? అమ్మ మేనత్త కొడుకుని సేసుకుంది. మా తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు.”

“దానికీ దీనికీ ఏటే? మీ అమ్మ కడుపుతో ఉండి గ్రహణం నాడు వంకాయలు తరిగింది. అందుకే ఆడికలాగైంది.”

ఈ మాట మా ఇంట్లో కొత్తది కాదు. నాన్నమ్మ పోయేదాకా అంటూనే ఉంది. తమ్ముడు నిక్షేపంగా ఉన్నాడు, బజార్లో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. తలదించుకుని బతికింది అమ్మే.

“వంకాయ ఏటి సేస్తాది?” అని అరిచాను. “దాగిన లోపం అమ్మానాన్నలిద్దరి వైపునుంచీ వచ్చిందని డాక్టరు సెప్పినారు. మీరెవరూ వినలేదు.”

అమ్మ వంటింట్లోంచి వచ్చి, తడిచేతులు తుడుచుకుని పుస్తకం అందుకుంది. నా గీతలమీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

“అయితే నాను సేసింది కాదేటే?”

“కాదమ్మా.”

ఆమె మావయ్య వైపు తిరిగింది. “ఇన్నేళ్లూ నన్నే అన్నారు. రేపు దీన్ని కూడా అనడానికి, నీ కొడుక్కి నాను ఇయ్యనురా.”